జాడి మ్రోత

మాయత్తగారికొక యలవాటు కలదు. ఏటేట వైశాఖమాసమున ఆవకాయ పెట్టుటకు ముందు ఇంటిలోని పింగాణిజాడుల నన్నిటిని వసారాలోనికి దింపించి, ఒక్కొక్కదానిని వ్రేలికణుపుతో తట్టి, చెవి యొగ్గి విందురు. ఖంగుమని మ్రోగిన జాడి యొక ప్రక్కకు, బొంగురుగొంతుతో పలికిన జాడి మఱియొక ప్రక్కకు జేరును. మొదటి వరుసలోనివి ఊరగాయలకు. రెండవ వరుసలోనివి ఉప్పునకో, చింతపండునకో, ఎండుమిరపకాయలకో. కంటికి కనబడని పగులును చెవి పట్టుకొనునని ఆమె నమ్మకము. ఇది వట్టి చాదస్తము కాదనియు, విమానయంత్రములను, మనుష్యశరీరమున నమర్చు కృత్రిమపు కీళ్లను నిర్మించు ఇంజనీర్లు సైతము ఈ ప్రశ్నతోనే పెనుగులాడుచున్నారనియు నాకు ఈ నడుమనే తెలిసినది. అది తెలిసిన విధమును, దానితో పాటు నేను ఇరువదియేండ్లకు పైగా దాచియుంచిన యొక తప్పును సోదరీమణులకు విన్నవించుకొనుటకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను కాపురమునకు వచ్చిన మూడవయేట ఆవకాయకు ముందు ఎప్పటివలెనే జాడుల పరీక్ష జరిగినది. అన్నిటికంటె పెద్దజాడి గుడిగంటవలె మ్రోగినది. దానిని కడిగి యెండలో బోర్లించు పని నాది. తడిచేతులతో తెచ్చుచుండగా అది జాఱి రోటి యంచునకు తగిలినది. గుండె ఝల్లుమన్నది గాని జాడి పగులలేదు. త్రిప్పిచూడగా అడుగుభాగమున వెండ్రుకవంటి సన్నని గీత యొకటి కనబడినది. వ్రేలితో తడవినను తెలియనంతటి గీత! ఎవరును చూడలేదు. నేనును చెప్పలేదు.

ఏబదికాయల ఆవకాయ ఆ జాడిలో పడినది. మూడవనాడు తిరుగఁగలిపి, ఉప్పు చూచి, నూనె పోసి, వాసెన గట్టినారు. ఇంటిపనికి వచ్చెడి ముసలామె దానిని కొట్టుగదిలోనికి చేర్చుటకు రెండు చేతుల నెత్తినది. నాలుగడుగులు వేసినదో లేదో, అడుగు ఊడి, సంవత్సరపు ఆవకాయ యంతయు నేలపాలైనది. మాయత్తగారు ఆమెను నానామాటలు నన్నారు. "నేను దేనికీ తగిలించలేదమ్మా, నా బిడ్డలమీద ఒట్టు" అని యామె యెంత మొఱపెట్టుకొన్నను వినలేదు. నేను స్తంభము చాటున నిలుచుండి వింటిని. నోరు పెగలలేదు. ఆమె తరువాత పదేండ్లు మా యింట పనిచేసినది గాని యెన్నడును జాడి ముట్టలేదు. ఆపైని కాలము చేసినది.

రెండేండ్ల క్రిందట మాయత్తగారికి కుడితుంటి కీలు అఱిగిపోయి, నడక దుర్భరమైనది. కీలు మార్పింపక తప్పదని శస్త్రవైద్యుడు చెప్పెను. తొడయెముక శిరస్సు గుండ్రని బంతి. తుంటియెముకలోని గుంట దానికి గిన్నె. ఈ బంతిగిన్నెల నడుమనుండు మృదులాస్థి అఱిగినపుడు ఎముక యెముకను రాచుకొని బాధ కలుగును. శస్త్రచికిత్సలో బంతిని, గిన్నెను రెంటిని మార్తురు. 1962లో ఇంగ్లండునందు జాన్ చార్న్‌లీ యను వైద్యుడు లోహపుబంతిని, గట్టి ప్లాస్టిక్కు గిన్నెను కూర్చి యీ చికిత్సను సర్వసాధారణము గావించెను. కాని లోహపుబంతి యొరసికొని కాలక్రమమున ప్లాస్టిక్కు అఱుగును. ఆ యఱుగుడుపొడి చుట్టునున్న యెముకను క్షీణింపజేసి, అమరికను వదులుచేయును. మాయత్తగారు డెబ్బదేండ్లవారైనను దృఢగాత్రులు. వారి తల్లిదండ్రులు తొంబదేండ్లు బ్రదికిరి. కావున తక్కువగా నఱగించు బంతి మేలని చెప్పి, వైద్యుడు బల్లసొరుగునుండి గులాబిరంగున నిగనిగలాడు గోళము నొకదానిని తీసి మాచేత నుంచెను. పెద్దనిమ్మకాయ కంటె చిన్నది. కోడిగ్రుడ్డు పెంకు కంటె నునుపు.

"ఇది దేనితో చేసింది బాబూ?" అని మాయత్తగారడిగిరి.

"సిరామిక్ అండీ. ఒక విధమైన పింగాణి అనుకోండి."

ఆ మాటతో ఆమె గోళమును బల్లమీద పెట్టివేసిరి. ఇంటికి వచ్చుదాక పలుకలేదు. గుమ్మము దాటినపిమ్మట నాతో నన్నారు: "పింగాణి నా ఒంట్లో పెట్టిస్తావుటే అమ్మాయీ? నడుస్తూ నడుస్తూ ఉండగా పగిలితే ఎత్తి పారబోసుకోడానికి అది ఆవకాయ కాదు గదా!"

ఆమె యెఱుగకయే అన్న యామాట నాకు ములుకువలె తగిలినది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాయొప్పుదలతో ఆమె శరీరములోనికి పోవునది, నాచేతినుండి జాఱినదానివంటిదే యైనచో?

మా అమ్మాయి పదార్థశాస్త్రము చదువుచున్నది. సెలవులకు వచ్చినపుడు నాయనమ్మకును నాకును కూర్చుండబెట్టి చెప్పినది. నేనును తరువాత కొంత చదువుకొంటిని. నాకు బోధపడినంత వ్రాసెదను.

సిరామిక్కనునది గ్రీకుభాషలో కుమ్మరిమట్టికి గల పేరునుండి పుట్టినది. పూర్వము మట్టిని మలచి ఆవములో కాల్చిన వస్తువులే సిరామిక్కులు. ఇప్పటి ఇంజనీర్లు వాడునవి ఏటిగట్టున త్రవ్వితెచ్చిన మట్టివి కావు. శుద్ధిచేసిన ఖనిజపు పొడులతో చేసినవి. వానిలో మిక్కిలి వాడుకలో నున్నది అల్యూమినా. మన విశాఖమన్యపు కొండలలో విస్తారముగా నున్న బాక్సైటు అను రాతినుండి దీనిని తీయవచ్చును. మన వంటింటి అల్యూమినియము గిన్నెలకు మూలము ఈ తెల్లనిపొడియే. కెంపును నీలమును దీని స్ఫటికములే. వానికి రంగునిచ్చునవి అందు కలిసిన యితరధాతువుల లేశములు. కాఠిన్యమున వజ్రము పదియైనచో ఇది తొమ్మిది.

ఈ పొడిని వస్త్రకాయితము పట్టినదానికంటె సన్నముగా నూఱి, అచ్చులో నదిమి, 1,600 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతపు వేడిమిలో కాల్తురు. ఇనుము కరగిపోవు వేడిమికంటె నిది యెక్కువ. అల్యూమినా మాత్రము కరగదు; రేణువులు ఒకదానికొకటి అతుకుకొని, నడిమిసందులు పూడి, వస్తువు పొడవున ఇంచుమించు ఆఱవవంతు కుదించుకొని గట్టిపడును. తరువాత దానిని సానబట్టుటకు వజ్రపుపొడియే కావలయును. కుమ్మరి మలచిన పచ్చికుండ ఆవములో చిక్కిపోవునని యెఱిగి, కొంచెము పెద్దదిగా చేయునట్లే, ఈ పనివారును లెక్కవేసి పెద్దదిగా నచ్చు పోయుదురు. సాధనములు మాఱినవి గాని విద్య కుమ్మరిదే.

"ఇంతదాకా ఎక్కడా చూడని వస్తువును నామీద ప్రయోగం చేస్తారా?" అని మాయత్తగారి రెండవ యాక్షేపణ. దానికి మా అమ్మాయి నవ్వి, పొయ్యిదగ్గఱ నున్న లైటరును తెచ్చి నొక్కినది. టక్కుమని నిప్పురవ్వ లేచినది. ఆ లైటరులోపల చిన్న సిరామిక్ ముక్క యున్నదట. దానిమీద సుత్తివంటి మర దెబ్బవేయగానే వేలకొలది వోల్టుల విద్యుత్తు పుట్టి రవ్వగా దూకును. నొక్కుడువలన విద్యుత్తు పుట్టించు ఈ గుణమును కొన్ని స్ఫటికములందు 1880లో పియరీ క్యూరీ, జాక్ క్యూరీ యను సోదరులు కనుగొనిరి. వారిలో పియరీ మేరీ క్యూరీకి భర్త. మా స్నానపుగదిలో పావుచుట్టు త్రిప్పగానే కట్టుకొను కుళాయిలోపల ఒకదానిపైనొకటి జాఱు రెండు అల్యూమినా బిళ్లలున్నవి. తోలుబిళ్లవలె అవి త్వరగా నఱుగవు. మా వారి మోటారుసైకిలు ప్లగ్గుమీది తెల్లని గొట్టమును అల్యూమినాయే. ఇంజను వేడిమిని, వేలవోల్టుల విద్యుత్తును అది యోర్చుకొనును.

అన్నిటికంటె విమానము సంగతి నాకు వింతగొల్పినది. విమానపు ఇంజనులో సుడిదిరుగు లోహపుఱెక్కలపైకి వచ్చు వాయువుల వేడిమి ఆ లోహము కరగు వేడిమిని మించియుండును. ఱెక్కలలోపల సన్నని దారులగుండ చల్లగాలి నంపుదురు. పైన జిర్కోనియా యను మఱియొక సిరామిక్కును మిల్లీమీటరులో కొద్దిపాలు మందమున పూతవేయుదురు. కుంపటిమీది గిన్నెకు మట్టి పూసినట్లు, ఆ పూత వేడిని లోపలికి పోనీయదు. మన హైదరాబాదు చేరువనున్న బాలాపురములోని కేంద్రప్రభుత్వ పరిశోధనాసంస్థలో గాజువలె నావలివైపు కనబడు సిరామిక్కుల మీదకూడ పరిశోధన జరుగుచున్నది.

"ఇంత గట్టివస్తువైతే నా జాడి ఎందుకు పగిలిందే?" అని మాయత్తగారు పట్టుబట్టిరి. నేను తలవంచుకొంటిని.

గట్టితనము వేఱు, పెళుసుతనము వేఱు. లోహపు గిన్నెను నేలవేసి కొట్టినచో సొట్టపడును గాని పగులదు. లోహములోని పరమాణువుల దొంతరలు ఒకదానిపై నొకటి జాఱి, ఆ దెబ్బను మ్రింగును. సిరామిక్కులో పరమాణువుల బంధము మిక్కిలి బిగువు, జాఱుటకు వీలులేదు. జాఱనిది విఱుగును. ఎక్కడ విఱుగును? ఎక్కడ ముందే చిన్న పగులున్నదో అక్కడ. బట్టలకొట్టులో గుడ్డ చింపువాడు ముందుగా కత్తెరతో అంచున చిన్నగాటు పెట్టును. గాటులేక లాగిన గుడ్డ చేతుల బలమునకు లొంగదు. గాటు పెట్టిన గుడ్డ చఱ్ఱున చినుగును. లాగిన బలమంతయు ఆ గాటు మొనమీదనే చేరుటయే కారణము. ఇంగ్లండులో ఏ. ఏ. గ్రిఫిత్ అను ఇంజనీరు గాజుతో పరీక్షలుచేసి, 1921లో ప్రకటించిన వ్యాసమున ఈ సంగతిని గణితముతో నిరూపించెను. వస్తువు బలము దాని పదార్థమును బట్టి మాత్రమే కాదు, దానిలో దాగిన పగులు ఎంత పెద్దదో దానిని బట్టియు నుండునని యాయన చెప్పెను. గాజును వెండ్రుకకంటె సన్నని పోగుగా తీసినచో దానిలో పెద్దపగులునకు తావులేదు; అందువలన సన్నపోగు మందపుకడ్డీకంటె, తన పరిమాణమునకు తగినట్లు లెక్కించినపుడు, ఎన్నోరెట్లు బలమైనది.

ఇది విన్నపుడు నా జాడి అడుగునున్న గీత కన్నులకు కట్టినది. ఏబదికాయల బరువు ఆ గీత మొనమీదనే చేరినది గదా!

కృత్రిమపు కీళ్ల చరిత్రయు ఈ పగులుతో జరిగిన పోరాటమే. ఫ్రాన్సు దేశమున పో పట్టణములో పియరీ బూతాఁ అను శస్త్రవైద్యుడు 1970లో మొదటిసారి అల్యూమినా బంతిని, అల్యూమినా గిన్నెను రోగి తుంటిలో నమర్చెను. తొలినాళ్లలో పొడిరేణువులు ముతకవి; కాల్చినపిమ్మట లోపల సందులు మిగిలెడివి; కొన్ని బంతులు రోగుల శరీరములందే పగిలినవి. క్రమముగా పొడిని శుద్ధిచేసి, రేణువును సన్నముచేసి, కాల్చునపుడు అన్నివైపులనుండి వాయుపీడనముతో నదిమి ఆ సందులను మూసిరి.

పిమ్మట జిర్కోనియా వంతు వచ్చినది. 1975లో ఆస్ట్రేలియాలో గార్వీ, హానింక్, పాస్కో అను మువ్వురు శాస్త్రజ్ఞులు దీని విచిత్రగుణమును లోకమునకు వెల్లడించిరి. జిర్కోనియా రేణువులకు రెండుమూడు రూపములున్నవి. మిక్కుటమైన వేడిమిలోనుండు రూపమును, తగిన ధాతువు కలిపి, చుట్టును బిగించి, చల్లారిన తరువాతకూడ నట్లే నిలుపవచ్చును. పగులు ప్రాకుచు ఆ రేణువుదగ్గఱకు రాగానే బిగువు సడలును. రేణువు వెంటనే రెండవరూపము దాల్చి, నూటికి మూడు నాలుగు వంతులు ఉబ్బును. వానకాలమున తలుపుచెక్క ఉబ్బి ద్వారబంధమున బిగుసుకొనునట్లు, ఉబ్బిన రేణువులు పగులు మొనను నలువైపుల నొక్కి మూయును. పగులు లేని వస్తువును చేయుట మానవసాధ్యము కాదు గాని, వచ్చిన పగులును ముందునకు పోనీయని వస్తువును చేయవచ్చునని దీనివలన తేలినది.

కాని గర్వమునకు తావులేదు. తెల్లని జిర్కోనియాబంతులు వేలకొలది రోగుల కమర్చిన తరువాత, ఒక యైరోపాకర్మాగారము 1998లో ఆవము మార్చినది. వెనుక ఒక్కొక్క దఫా పేర్చి కాల్చుచుండినవారు, సొరంగమువంటి కొలిమిలో ఎడతెగక నడిపించి కాల్చసాగిరి. ఆ యావమునుండి వచ్చిన కొన్ని దఫాల బంతులు కొద్దికాలములోనే రోగుల శరీరములలో పగులసాగినవి. 2001లో మిగిలిన వానిని అనేకదేశములనుండి వెనుకకు పిలిపించిరి. జిర్కోనియా యొక్కటియే యున్నచో శరీరపు చెమ్మలో క్రమముగా రూపము మార్చుకొనునను సంగతియు బయటపడినది. అందుచే ఇప్పుడు అల్యూమినాయే అధికభాగముగా, అందు జిర్కోనియా రేణువులను చల్లి బంతులు చేయుచున్నారు. అందు కొంచెము కలుపు క్రోమియము వలననే ఆ గులాబిరంగు. కెంపునకు ఎఱుపునిచ్చునదియు నదియే.

ఇదంతయు వినిన మాయత్తగారు ఒక్కప్రశ్న వేసిరి. "సరే, లోపల బీట ఉందో లేదో తట్టి చూస్తారా?"

"తట్టడం కన్న ఎక్కువే చేస్తారు నాయనమ్మా. నడిచేటప్పుడు మనిషి వేసే బరువుకన్న చాలా ఎక్కువ బరువు ఒక్కొక్క బంతిమీదా వేసి చూస్తారు. అంతకూ పగలకపోతేనే పెట్టెలో పెడతారు. పగుల్చున్నది ఆ పరీక్షలోనే పోతుంది."

ఆమె ముఖము వికసించినది. తన వ్రేలికణుపు విద్య అంతదూరము పోయినందులకు కాబోలు!

మఱునాడు వైద్యునివద్దకు మరల వెళ్లితిమి. ఆయన దాపఱికము లేక చెప్పెను. బంతి పగులుట వేయింట ఒకటికంటెను మిక్కిలి తక్కువ. కాని పగిలినచో ముక్కలను ఏఱి తీయుట కష్టము, రెండవ శస్త్రము తప్పదు. లోహపుబంతి పగులదు గాని యఱుగుడు హెచ్చు. బంతిగిన్నెలు రెండును సిరామిక్కువైనచో కొందఱికి నడుచునపుడు కిఱ్ఱుమను చప్పుడు వచ్చుటయు కలదు. కావున సిరామిక్కు బంతిని గట్టి ప్లాస్టిక్కుగిన్నెలో నమర్తునని యాయన యభిప్రాయము. ఈ లోపమును ముందే చెప్పినందువలననే మాయత్తగారికి ఆయనపై గుఱి కుదిరినది.

శస్త్రమునకు ముందటి రాత్రి ఆసుపత్రిగదిలో మేమిద్దఱమే యుంటిమి. ఇంక దాచుట నావలన కాలేదు. రోటియంచు, వెండ్రుకగీత, స్తంభముచాటు అన్నియు చెప్పివేసితిని. ఆమె చాలసేపు పలుకలేదు. పిదప నెమ్మదిగా నన్నారు:

"ఆ రోజే చెప్పి ఉంటే ఆ జాడిలో ఉప్పు పోసుకునేవాళ్లం. ఇప్పటికీ ఉండేది. ఆ ముసలిదాన్ని అన్ని మాటలు అనేదాన్నీ కాదు."

అంతే. నన్ను తిట్టలేదు; ఊరడించనులేదు. ఆ రెండుమాటలే నాకు చాలినవి.

శస్త్రము చక్కగా జరిగినది. మూడవనాడు చేతికఱ్ఱల సాయమున, మూడుమాసములకు సాయము లేకయే నడిచిరి. ఈ వైశాఖమున వసారాలో పీటకు మాఱుగా కుర్చీ వేయించుకొని, జాడులను తట్టి చూచిరి. ఖంగుమన్న వానిలో నొకదానిని నిండ ఆవకాయ పెట్టించి, వాసెన గట్టించి, "ఆ ముసలామె కూతురింటికి నువ్వే తీసుకెళ్లి ఇచ్చిరా. ఎందుకో నువ్వే చెప్పు" అన్నారు. జాడిని రెండుచేతుల పట్టుకొని వెళ్లితిని. చెప్పితిని. ఆ కూతురు విని, కన్నులు తుడుచుకొని, "మా అమ్మ పోయేదాకా ఆ మాటే అనేదమ్మా, నేను తగిలించలేదని" అన్నది. దానికి నావద్ద సమాధానము లేకపోయినది.

సోదరీమణులారా! మీయింట నెవరికైన కీలు మార్పింపవలసినచో, బంతి దేనితో చేసినది, గిన్నె దేనితో చేసినది, ఆ వయస్సునకు అదియే యేల మేలు, దానియందలి లోపమేమి యని వైద్యుని అడుగుడు. అడుగుటకు సంకోచింపకుడు. పెట్టెమీద దఫాసంఖ్య గల చీటీలుండును. వానిలో నొకటి అడిగి తీసికొని ఇంటి కాగితములతో భద్రపఱుపుడు. 2001లో ఏ బంతులు ఏ దఫావో కనుగొనుటకు అట్టి సంఖ్యలే యాధారము. ఇంక మీచేతినుండి జాడి జాఱి, వెండ్రుకవంటి గీత పడినచో, ఆ క్షణముననే చెప్పివేయుడు. ఆ జాడి ఉప్పునకైన పనికివచ్చును.